ఎండబెట్టిన కుండీలు

పద్నాలుగో కుండీకి నీళ్లు పోసేసరికి సుంకన్నకు నడుము పట్టేసింది. కడపలో అతను కూలిపని చేసే కాలేజీ వెనక షెడ్డు. పైన పచ్చటి వల, కింద నలభై కుండీల్లో వేరుశనగ. ఎడమవైపు ఇరవైకి రోజూ నీళ్లు. కుడివైపు ఇరవైకి మూడు వారాలు చుక్క పోయకూడదు. అది రెండువేల ఆరు, ఏప్రిల్ నెల. సుంకన్న మాసిన ఖాకీ చొక్కా పొద్దున తొమ్మిదికే వీపుకు అంటుకుపోయింది.

ఈ చెట్లు శ్రావణివి. రాజంపేట పిల్ల, మూడేళ్లుగా ఇక్కడే పరిశోధన చేస్తోంది. నీళ్లు లేనప్పుడు ఏ జన్యువు ఏ జన్యువును నిద్ర లేపుతుందో కంప్యూటరు లెక్కగట్టి, గీతలతో పెద్ద వల గీసిచ్చింది. "అది గీస్తే సాలదు సుంకన్నా, చెట్టు ఒప్పుకోవాల" అని మొదటిరోజే చెప్పింది. చదువుకున్నవాళ్ల నోట తాను విన్న మాటల్లో బుద్ధిగల మాట అదొక్కటేనని సుంకన్న నమ్మకం.

చెట్టు రెండుసార్లు ఒప్పుకోలేదు. ఎండబెట్టిన చెట్ల ఆకులు కోసి పరీక్షిస్తే, ఒక గీత ప్రకారం లేవాల్సిన జన్యువు లేవనే లేదు. ఆకులు కూడా వాలలేదు కాబట్టి గట్టి రకం అనుకుంది శ్రావణి.

మధ్యాహ్నం ఆమె గురువు సుదర్శన్ షెడ్డుకొచ్చాడు. "ఆ గీత అబద్ధమమ్మా. తీసేయ్" అన్నాడు. అది వల మొత్తానికీ మొదటి గీత. అది పోతే మూడేళ్ల పని పోయినట్టే. ఆయన వెళ్లాక శ్రావణి కుండీల మధ్య కూలబడి ఏడ్చింది.

సుంకన్న కుడివైపు కుండీలనే చూస్తూ నిలబడ్డాడు. రోజూ అందరూ పోయాక తన ఇత్తడి చెంబు తొట్టిలో ముంచి, ఆ చెట్లకు దోసెడేసి పోసింది తనే. నాలుగేళ్ల కిందట వేరుశనగకు ఊడలు దిగి కాయ పట్టే వేళ వాన మొహం చాటేస్తే, అతని భార్య రామసుబ్బమ్మ ఒక్క సాలు చెట్లైనా దక్కించుకుందామని కడవతో నీళ్లు మోసి మోసి చేలోనే పడిపోయింది. మళ్లీ లేవలేదు. ఆ సాలు మాత్రం పండింది. అప్పటినుంచి ఎండే వేరుశనగ చెట్టును చూస్తూ ఊరుకోవడం అతనికి చేతకాదు.

పని ముగిశాక చెంబు తీసుకుని ఆమె గదికి వెళ్లాడు.

"ఆ గీత అబద్ధం గాదు తల్లీ. నేనే దొంగను. పొద్దుగూకితే ఆ చెట్లకు నీళ్లు పోస్తాండా."

శ్రావణి లేచి నిలబడింది. "మూడేండ్లు, సుంకన్నా" అంది.

"మళ్లా ఇత్తులు ఏద్దాం. ఇది నా చేతిలో ఉంటే పోయకుండా ఉండలేను. మీకాడ్నే పెట్టుకోండి."

ఆమె అందుకుంది. చెంబు బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఇంటికి పోతూ గేటు దగ్గర వాచ్‌మన్ ఏసేపు బల్లమీద, "కాసేపు కూసుంటానప్పా" అని సుంకన్న గోడకు ఆనుకున్నాడు. ఏసేపు టీ తెచ్చి పిలిస్తే పలకలేదు. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

మళ్లీ విత్తనాలు వేశారు. ఈసారి కుడివైపు కుండీలకు ఎవరూ నీళ్లు పోయలేదు. మూడు వారాలకు ఆకులు వాలి, అంచులు మాడిపోయాయి. జన్యువు లేచింది. చెట్టు ఒప్పుకుంది.

ఆ ఫలితాల కాగితాలు దాచడానికి శ్రావణి బీరువా తెరిచింది. అడుగు అరలో ఇత్తడి చెంబు ఉంది, లోపల ఆరిపోయిన తొట్టినీళ్ల తెల్లటి ఉప్పుచారతో.