ఖాళీ కుర్చీకి అయిదు అర్జీలు

జిల్లా కార్యాలయం గుమ్మం దాటగానే ఎదురు గోడ మీద ఆ బోర్డు కనిపిస్తుంది. పైన రాష్ట్రాన్ని ఏలే సుల్తాను గారు, ఆయన కింద ముఖ్యమంత్రి, రాష్ట్ర కార్యదర్శి, ఆ కింద జిల్లా అధికారి, సహాయ అధికారులు, అట్టడుగు వరసలో గుమాస్తాలు. ఒక్కో ఫోటో నుంచి మరో ఫోటోకి ఎర్రగీత ఉంటుంది. ఎవరు ఎవరికి జవాబు చెప్పుకోవాలో ఆ గీత పట్టుకుపోతే తెలిసిపోవాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఫోటోలు కత్తిరించి అంటించేది హెడ్ గుమాస్తా సబరియా. బదిలీలు ఎక్కువ కాబట్టి జిగురు సీసా ఎప్పుడూ ఆమె సొరుగులోనే ఉంటుంది.

ఆ సోమవారం పొద్దున బోర్డు ముందు మెరియం నిలబడి ఉంది. నది అవతల తెలుక్ రంబయ్ ఊరు ఆమెది. ఆమె భర్త సలేహ్ పాల కోసం రబ్బరు చెట్లు గీసేవాడు. ఊరి వేలాడే వంతెన మీద పలక విరిగి, నదిలో పడి చనిపోయాడు. అప్పటికి అయిదు నెలలు. భర్త పోయిన మనిషి ఇంట్లోనే ఉండాల్సిన నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గడువు తీరిన మర్నాటి నుంచే మెరియం ఆఫీసు మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది.

"వంతెన చూడాల్సింది వీళ్ళలో ఎవరక్కా?" అంది బోర్డు వైపు చూపిస్తూ.

సబరియా మాట మార్చింది. "ఇంజనీరు గారిని కలిశావా?"

"కలిశాను. జిల్లా ఆఫీసు నుంచి కాయితం రాందే మేకు కూడా కొట్టలేమన్నాడు. మీ ఆఫీసులోనేమో విచారణ జరుగుతోందన్నారు. ఇదిగో, ఈ సహాయ అధికారి చూడాల్సిందా?"

"ఆ అబ్బాయి అప్పుడు లేడమ్మా. తర్వాత వచ్చాడు."

"పోనీ ఈయన?"

"జిల్లా అధికారి. ఆయనా మూడు నెలల క్రితమే వచ్చారు."

"బావుంది. మా ఆయన పోయే రోజుకి ఈ బోర్డు మీద ఎవరూ లేరన్నమాట." మెరియం ముసుగు చెంగుతో మొహం తుడుచుకుంది. "నేను దెబ్బలాటకి రాలేదక్కా. ఫలానా మనిషి చూడాలి, చూళ్ళేదు అని ఒక్క మాట చెప్పండి, వెళ్ళిపోతాను. ఎవర్ని తిట్టుకోవాలో తెలీక ఆయన్నే తిట్టుకుంటున్నాను. ఎందుకెక్కావయ్యా ఆ వంతెన అని. పోయినవాణ్ణి రోజూ తిట్టుకుంటుంటే ఎట్లా ఉంటుందో మీకేం తెలుసు?"

ఇంతలో జిల్లా అధికారి పిలుస్తున్నారని కబురొచ్చింది. సబరియా గబగబా లోపలికి వెళ్ళింది. తప్పించుకున్నందుకు ఊపిరి పీల్చుకుని, ఆ వెంటనే సిగ్గుపడింది.

జిల్లా అధికారి జుబిర్ మంచివాడు. చెడ్డవాడైతే ఈ కథ ఇంకా తేలిగ్గా ఉండేది.

"అక్కా, శాసనసభలో ప్రశ్న వేశారు. ఆ వంతెనకి ఎవరు బాధ్యులని. గురువారానికల్లా జవాబు రాసి రాష్ట్ర కార్యాలయానికి పంపాలి," అన్నాడు.

మంత్రిగారు సభలో గొంతు సవరించుకుని చదివే జవాబు ఏ మంత్రీ రాసింది కాదు. ప్రశ్న సభ నుంచి కార్యదర్శికి, ఆయన నుంచి జిల్లాకి దిగి దిగి, చివరికి ఒక గుమాస్తా బల్ల మీద పడుతుంది. సబరియా ఫైలు తెరిచింది.

అయిదు అర్జీలు. ఆరు నెలల్లో సలేహ్ స్వయంగా తెచ్చి ఇచ్చినవి. ఒక పక్కకి వాలిన అక్షరాలు, చివర వణికిన సంతకం. ప్రతి దాని మీదా సబరియా గుండ్రటి దస్తూరీ: 'అభివృద్ధి సహాయ అధికారికి, తగు చర్య కోసం.' తేదీ, పొడి సంతకం. ఆ తర్వాత తెల్ల కాగితమే.

ఆ ఆరు నెలలూ ఆ ఉద్యోగం ఖాళీ. పాతాయన వెళ్ళాడు, కొత్తాయన రాలేదు. ఫైలు మనిషికి వెళ్ళదు, పదవికి వెళుతుంది. కుర్చీలో ఎవరున్నా లేకపోయినా ఆ బల్ల మీదికే చేరాలి. సబరియా అలాగే పెట్టింది, ఒకదాని మీద ఒకటి, అంచులు కలిపి, 'అత్యవసరం' చీటీ అంటించి. బోర్డు మీద 'ఖాళీ' అని అంటించిందీ ఆమే. రోజూ పొద్దున్నే ఆ బల్ల మీద దుమ్ము కూడా తుడిచేది.

జుబిర్ కాగితాలన్నీ తిరగేసి వెనక్కి వాలాడు. "అమ్మయ్య! పదవి ఖాళీ. లేని మనిషికి నోటీసు ఇవ్వలేం. పాత జిల్లా అధికారి ముందుకి ఫైలే రాలేదు. ఇంజనీరుకి కాయితం అందలేదు. ఎవరి తప్పూ లేదు."

"నాది ఉంది, తువాన్." పై అధికారుల్ని అక్కడ అలాగే పిలుస్తారు.

"మీదా?"

"అయిదుసార్లు తెచ్చి ఎవరూ లేని కుర్చీ ముందు పెట్టాను. పదడుగులు వేస్తే పాత తువాన్ గది. వెయ్యలేదు."

"వెయ్యమని రూల్లో ఉందా?"

"లేదు."

"మరింకేం! మీరు రూలు తప్పి ఉంటే శిక్షించేవాణ్ణి. పాటించినందుకు శిక్షించడానికి నా దగ్గర ఫారమే లేదక్కా." నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "ఊరికే మనసు పాడుచేసుకోకండి. రాయండి."

ఉద్యోగంలో చేరిన కొత్తలో సబరియా ఒకసారి ఆ పదడుగులూ వేసింది. మధ్యవాణ్ణి దాటుకుని నేరుగా పెద్దాయనకి ఫైలు ఇచ్చింది. ఆయన దాన్ని అందరి ముందూ నేలకేసి కొట్టి, "గీత దాటకు," అన్నాడు. అంతే, మళ్ళీ దాటలేదు. దాటకుండానే హెడ్ గుమాస్తా అయింది, మంచి ఉద్యోగి అని ప్రశంసాపత్రాలు కూడా అందుకుంది.

కూర్చుని జవాబు రాసింది. తర్వాతి బుధవారం మంత్రిగారు సభలో చదువుతుంటే ఆఫీసు వాళ్ళంతా క్యాంటీన్ టీవీ ముందు చేరారు. 'సంబంధిత పదవి ఆ కాలంలో ఖాళీగా ఉండెను. విధానము పూర్తిగా పాటించబడినది. ఏ అధికారి నిర్లక్ష్యమూ కనుగొనబడలేదు.' అరనిమిషంలో అయిపోయింది. తర్వాతి ప్రశ్న రోడ్ల మీద తిరిగే పశువుల గురించి. ఎవరో వేయించిన అరటిపండు ముక్కలు తెప్పించారు. సబరియా తినకుండా లేచి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు సెలవు పెట్టింది. వంతెన మూసేశారు కాబట్టి పడవలో నది దాటింది.

మెరియం, గుంజల మీద లేపి కట్టిన తన ఇంటి మెట్ల మీద కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. సబరియాని చూసి లేవబోయింది.

"కూర్చో చెల్లీ. నువ్వడిగిన దానికి జవాబు చెబుదామని వచ్చాను." సబరియా నిలబడే చెప్పింది, ఆగితే మళ్ళీ చెప్పలేనేమోనని. "మీ ఆయన అర్జీలు అయిదూ నా చేతికే ఇచ్చాడు. ఆ గదిలో అధికారి లేడని నాకు తెలుసు. అయినా అక్కడే పెట్టాను. రోజూ వాటిని చూస్తూనే ఉన్నాను. ఇంకెవరూ చూళ్ళేదు, ఎందుకంటే నేను చూపించలేదు. ఆ బోర్డు మీద నువ్వు వెతికే మనిషిని నేనే."

మెరియం చేతిలో కత్తి పక్కన పెట్టింది.

"మా ఆయన నిన్ను 'ఆఫీసులో అక్క' అనేవాడు," అంది. "కుర్చీ వేసి టీ ఇచ్చిందని వచ్చిన ప్రతిసారీ చెప్పేవాడు. పలకలు కొనుక్కొచ్చాడు తెలుసా, తనే వేద్దామని? నిన్నడిగాట్ట. సర్కారు వంతెన, చెయ్యి పెట్టకండి, మీ కాయితం అధికారి బల్ల మీదే ఉంది అన్నావట."

సబరియాకి గుర్తొచ్చింది. నాలుగో అర్జీ ఇచ్చిన రోజు. ఎంతో మర్యాదగా అంది ఆ మాట.

"ఆ అక్క చెప్పాక ఇంకేముంది, రేపో మాపో వచ్చి చేస్తారని ఇంటి కింద పెట్టేశాడు."

"ఆ పలకలు..."

"ఆయన మీదే కప్పాం. సమాధి గోతిలో మట్టి పోసే ముందు పలకలు వెయ్యాలి కదా. అప్పటికప్పుడు ఇంకెక్కడ దొరుకుతాయి?"

సబరియా కింది మెట్టు మీద కూర్చుంది. క్షమించమని అడుగుదామనే వచ్చింది. ఇప్పుడు అడగదలుచుకోలేదు. మెరియం ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, దయా లేదు. బరువు దించుకున్న మనిషి అలసట ఉంది.

"మంచిదే, చెప్పావు. ఇంక మా ఆయన్ని తిట్టుకోను," అంది. "నిన్ను తిట్టుకుంటాను."

"తిట్టుకో చెల్లీ," అంది సబరియా. అప్పుడు గానీ ఆమెకి ఏడుపు రాలేదు.