సెల్లారు మెట్ల మీద రాజీ

సాంబశివరావుకు మెట్లంటే భయం పట్టుకుని రెండేళ్ళు దాటింది. ఈ సంగతి ఆయనకూ, భార్య అలివేలమ్మకూ, గుంటూరులో ఒక ఎముకల డాక్టరుకూ తప్ప బయట పురుగుకు కూడా తెలియదు. తెలియకుండా ఉంచడానికి ఆయన పడే పాట్లు మాత్రం అన్నీ ఇన్నీ కావు.

రొంపిచెర్ల మండలంలో వాళ్ళ ఊరికి ఆయన రెండుసార్లు సర్పంచి. ఏదైనా ఆఫీసు మేడమీద ఉందనుకోండి, ఆయన కిందే నిలబడి, "వాళ్ళు మన దగ్గరికి రావాలిగానీ మనం వాళ్ళ దగ్గరికి పోయేదేంది?" అని ఆఫీసరును కిందికి పిలిపించేవాడు. జనం ఆ దర్జాకు మురిసిపోయేవాళ్ళు. మీటింగులో స్టేజి ఎక్కమంటే, "నేను జనంలో మనిషినిరా" అని కిందే ఉండిపోయేవాడు. జనం ఆ వినయానికీ మురిసిపోయేవాళ్ళు. దర్జా అయినా వినయమైనా అన్నీ అరిగిపోయిన మోకాలి చిప్పల్లోంచి పుట్టినవే.

ఇంత దాపరికం ఎందుకంటే, పంచాయతీ ఎన్నికలు ఇవాళో రేపో అంటున్నారు. మూడోసారి కూడా తనే నిలబడాలని ఆయన పట్టు. ఆయన వర్గంలో కుర్రాళ్ళేమో ఆయన అన్న కొడుకు చైతన్యను ముందుకు తోస్తున్నారు. "బాబాయికి ఓపిక తగ్గింది" అనడానికి ఒక్క సాకు దొరికితే చాలు, మెడలో దండేసి, పెద్దలని పేరుపెట్టి ఒక మూల కుర్చీలో కూర్చోబెడతారు. పదవి లేకపోతే పొద్దున్నే తన గడపలోకి ఎవరొస్తారు? ఎవరూ రాని గడప ముందు కూర్చోవడమంటే ఆయనకు చావుకన్నా భయం.

"ఆపరేషన్ చేయించుకోవయ్యా, హాయిగా నడుస్తావు," అని అలివేలమ్మ పోరుతూనే ఉంది.

"ఎలక్షన్ కానీయవే. మంచమెక్కిన వాడికి ఓటెవడేస్తాడు?" అని ఆయన దాటేస్తూనే ఉన్నాడు.

ఇక ఎదుటి వర్గానికి పెద్ద చెన్నకేశవరావు. ఎప్పుడో సాగర్ కాలువ నీళ్ళ దగ్గర మొదలైన తగాదా అది. ఆ నీళ్ళు ఏ పొలానికి పోవాలో ఇప్పుడెవరికీ సరిగ్గా గుర్తులేదు, తగాదా మాత్రం పచ్చగా ఉంది. ఒకళ్ళ బజారులోంచి ఒకళ్ళు నడవరు. ఒకళ్ళ తలుపు ఒకళ్ళు తట్టరు. అన్నిటికన్నా ముఖ్యం, రెండు వర్గాలూ ఒకే బంతిలో భోజనానికి కూర్చోవు. అందుకని ఆ ఊళ్ళో ఎవరింట శుభకార్యమైనా మొదటి బంతి ఎవరిది, రెండో బంతి ఎవరిది అని ముహూర్తం కన్నా ముందే తేల్చుకోవాలి.

ఆనంద్ మాస్టారు కూతురు అపర్ణ పెళ్ళికీ అదే తంతు. మాస్టారు అలివేలమ్మకు వరసకు తమ్ముడు, కానీ రెండు వర్గాల పిల్లలకూ చదువు చెప్పినవాడు కాబట్టి రెండు వైపులా పిలవక తప్పలేదు. నరసరావుపేటలో ఫంక్షన్ హాలు తీసుకున్నాడు. పెళ్ళి మర్నాడు మధ్యాహ్నం మాంసం భోజనాలు. మొదటి బంతి చెన్నకేశవరావు వాళ్ళది, రెండోది సాంబశివరావు వాళ్ళది. దానికి బదులుగా పెళ్ళికొడుకు పక్కన మొదటి ఫోటో సాంబశివరావుది. ఇంత పకడ్బందీగా ఏర్పాటు చేసిన మాస్టారు ఒక్కటి మర్చిపోయాడు. మొదటి బంతి లేచి పైకి వచ్చేదీ, రెండో బంతి కిందికి దిగేదీ ఒకే మెట్ల మీద నుంచి.

భోజనాల గది సెల్లారులో ఉంది. మెట్లు ఇరుకు. వంటలు పెరట్లో. అంటే బిర్యానీ డేగిసా కూడా ఆ మెట్ల మీదుగానే దిగాలి. హాలు యజమానికి రెండు భయాలుండేవి: రెయిలింగు లేకపోతే ఎవరో ఒక పెద్దాయన జారి పడతాడని, రెయిలింగు పెడితే డేగిసా దిగదని. రెండిటికీ కలిపి గోడకు మడత రెయిలింగు పెట్టించాడు. పైన గడియ తీస్తే ఆ పైపు మొత్తం మడతబందుల మీద వెనక్కి వాలి గోడకు అతుక్కుపోతుంది. డేగిసా దిగాక మళ్ళీ బయటికి లాగి గడియ వేస్తారు. మామూలుగా దాన్ని మడిచే ఉంచుతారు. ఆవేళ పొద్దున్నే అలివేలమ్మ వెళ్ళి బయటికి లాగించి పెట్టింది.

"మెల్లిగా పట్టుకుని దిగు. ఎవురూ చూడరులే," అంది మొగుడి చెవిలో.

"నాకెందుకే రెయిలింగు? నేనేమన్నా ముసలోణ్ణా?" అని ఈసడించాడు సాంబశివరావు.

మెట్ల దగ్గరికి వచ్చి కిందికి చూసేసరికి ఆ ముసలితనం కాస్తా వచ్చేసింది. వెనక చైతన్య ఉన్నాడు, ఆయన కుడిభుజం కోటయ్య ఉన్నాడు, వర్గం మొత్తం ఆకలితో ఉంది. ఆయన పైపు మీద రెండు దెబ్బలు వేసి, "వెల్డింగు ఎట్టా చేశాడో చూద్దాం," అన్నాడు. ఇక అదే వంకతో, జానెడు జానెడు తడుముతూ, అతుకు అతుకునూ మెచ్చుకుంటూ ఒక్కో మెట్టూ దిగసాగాడు. పైపును ఇంత శ్రద్ధగా పరీక్ష చేసిన మనిషి పల్నాడులో ఇంతకుముందు లేడు.

సగం దిగాడో లేదో, కింద నుంచి చెన్నకేశవరావు ఎక్కుతూ వచ్చాడు. ఆయన ఒక చేతిలో కిళ్ళీ ఉంది. రెండో చేతిలో రుమాలు పెట్టుకుని, దుమ్ము తుడుస్తున్నట్టు పైపును తుడుచుకుంటూ వస్తున్నాడు. ఇద్దరి చేతులూ ఒకే చోటికి వచ్చి ఆగాయి.

"పక్కకు జరుగు," అన్నాడు సాంబశివరావు.

"నువ్వే జరుగు. నేను తిని వస్తన్నా."

"నేను తినడానికి పోతన్నా."

ఎవరూ జరగలేదు. పైనుంచి కోటయ్య గొంతు లేచింది: "తగ్గొద్దు పెద్దయ్యా! ఒక్క మెట్టు కూడా తగ్గొద్దు!" కింద నుంచి అవతలి వాళ్ళు, "పైపు వదలమాకు మావా! మన పరువు దాని మీదే ఉంది!" అని అందుకున్నారు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. ఆనంద్ మాస్టారు పెళ్ళిపందిట్లో ఎక్కడున్నవాడు అక్కడే కూలబడ్డాడు.

సాంబశివరావుకు మాత్రం తగ్గాలనే ఉంది. చెయ్యి వదిలి ఒక అడుగు పక్కకు వేయగలిగితే ఆయన ఎప్పుడో వేసేవాడు. వదిలితే మోకాళ్ళు మడిచిన గొడుగులా కిందికి పోతాయి. అందరి ముందు, ఫోన్లన్నీ చూస్తుండగా, శత్రువు కాళ్ళ మీద పడతాడు. మరి సర్పంచిగిరీ అక్కడితో సరి. చెమటతో పైపు జారుతోంది.

అప్పుడు చూశాడాయన. చెన్నకేశవరావు పంచె వణుకుతోంది. గాలి లేదు, ఫ్యాను లేదు, పంచె మాత్రం మోకాళ్ళ దగ్గర గడగడలాడుతోంది. సాంబశివరావుకు ప్రాణం లేచి వచ్చింది. వీడి కాళ్ళూ పోయాయి! అరిచి అందరికీ చెబుదామని నోరు తెరిచాడు. తెరిచాక గానీ తెలియలేదు, చెన్నకేశవరావు చూపు కూడా తన పంచె మీదే ఉందని.

తెరిచిన నోరు మూసుకున్నాడు. గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"ఏ కాలు?"

"రెండూ. నీకు?"

"ఎడమది చానా అన్యాయం. కుడిది దానికి తోడు పోయింది."

"డాక్టరుకు చూపిచ్చావా?"

"గుంటూరులో." సాంబశివరావు వీధి పేరు చెప్పాడు.

చెన్నకేశవరావు కళ్ళు పెద్దవి చేశాడు. "ఓరి నీ! నేనూ ఆయన దగ్గరికే. ఎవురూ చూడకుండా వెనక గేటులోంచి పోతా."

"అందుకే కనపడలా. నేను ముందు గేటు."

పైనున్న వాళ్ళకు ఇదంతా ఒకళ్ళనొకళ్ళు బెదిరించుకుంటున్నట్టే కనిపించింది. కోటయ్య చొక్కా చేతులు మడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వంట మేస్త్రీ జాన్ సాహెబ్ కేక వినపడింది. "జరగండి, జరగండి! బిర్యానీ వస్తంది! పైపు మడవండి!" నలుగురు మనుషులు పొగలు కక్కే డేగిసాను మోసుకుని మెట్ల మీదికి దిగేశారు. సాంబశివరావు వెనకున్న వాళ్ళంతా పైకి పరుగెత్తారు. చెన్నకేశవరావు వెనకున్న వాళ్ళు కిందికి దిగిపోయారు. మధ్యలో వాళ్ళిద్దరే మిగిలారు. డేగిసా వెనక్కి పోదు, రెయిలింగు మడవందే ముందుకు రాదు.

పైన గడియ దగ్గర అలివేలమ్మ నిలబడి ఉంది. గడియ మీద చెయ్యి వేసి ఉంది. ఆవిడ ముఖంలో ఒక నవ్వు ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ నవ్వు ఆయన ఎరుగును.

"ఏమయ్యా, మడిచేదా?" అని అడిగింది ఆవిడ, పిండివంట వడ్డించేదా అన్నంత తీయగా.

"ఆగవే! ఏమే, ఆగు!" అన్నాడాయన.

"యాడ ఆగేది? సాహెబు మనుషుల చేతులు కాలిపోతన్నాయి."

సాంబశివరావు చెన్నకేశవరావు వైపు తిరిగాడు. "నన్ను పట్టుకో."

"యాడ పట్టుకునేది?"

"నడుం. నేను నీ భుజం పట్టుకుంటా. కిందికే పోదాం, పైకి దారి లేదు."

"నేను తినేసి వచ్చాగదయ్యా!"

"ఇంకోసారి తిను, సచ్చిపోవు."

గడియ కిర్రుమంది. ఇద్దరూ పైపు వదిలేసి ఒకళ్ళనొకళ్ళు గట్టిగా కావలించుకున్నారు.

హాలు హాలంతా దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు. ఎవరో ఏడ్చారు కూడా. ఆ కాలువ తగాదాలో తండ్రి చెయ్యి విరిగిన కోటయ్య నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. రెయిలింగు గోడకు అతుక్కుపోయింది. వెనక డేగిసా, ముందు ఈ కౌగిలి, మెట్టుకొక మూలుగు చొప్పున సెల్లారులోకి దిగాయి. ఆ మూలుగులు జనానికి ఆనందంతో వచ్చిన ఏడుపులాగే వినిపించాయి.

ఒకే బంతిలో, పక్కపక్కన కూర్చున్నారు. కడుపు పగిలేలా తిని వచ్చిన చెన్నకేశవరావు ముందు మళ్ళీ విస్తరి పరిచారు. సాంబశివరావుకు అల్లరి పుట్టింది. "సాహెబూ, మా బావకు ఇంకో నాలుగు ముక్కలు వెయ్యి," అన్నాడు గట్టిగా. బావా అని పిలిచి ఎన్నాళ్ళయిందో. ఆ మాట నోట్లో మాంసం ముక్క కన్నా మెత్తగా ఉన్నట్టనిపించి ఆయనకే ఆశ్చర్యమేసింది. చెన్నకేశవరావు పంచె ముడి కాస్త వదులు చేసుకుని, నవ్వుతూ తిట్టుకుంటూ తిన్నాడు.

పెరుగు వేసే వేళకు చైతన్య లేచి నిలబడ్డాడు. "బాబాయ్, రెండు వర్గాలూ కలిసినట్టే గదా? ఇక ఎలక్షనెందుకు, ఏకగ్రీవం చేద్దాం. సర్పంచి ఎవురో మీ ఇద్దరే చెప్పండి."

గరిటెలు ఆగిపోయాయి. సాంబశివరావు ఈ ఘడియ కోసమే రెండేళ్ళు మూలుగు మింగాడు. "నేనే" అనడానికి గొంతు సవరించుకున్నాడు. వెనక నుంచి పెరుగు గిన్నెతో అలివేలమ్మ వంగింది. విస్తట్లో పెరుగు పోస్తూ, వాళ్ళిద్దరికే వినపడేలా అంది.

"మోకాళ్ళ సంగతి సర్పంచి పేరుకు ముందు చెప్పమంటారా, తర్వాత చెప్పమంటారా? మెట్ల మీద ఇద్దరి పంచెలూ చూశా, గుంటూరు డాక్టరుకు ఫోన్ చేసి ఇద్దరికీ ఆపరేషన్‌కు రోజు అడిగి పెట్టా. కాదంటే ఇప్పుడే చెబుతా."

ఇద్దరూ నోట్లో ముద్ద నమలడం మర్చిపోయారు. ముందు తేరుకున్నది చెన్నకేశవరావే. బావ భార్య అంటే తనకు చెల్లెలే కదా. "మా చెల్లెమ్మ అలివేలమ్మ ఉండగా మేమెందుకురా?" అని గట్టిగా అనేశాడు. రెండు వైపులా చప్పట్లు మోగాయి.

"నాకెందుకన్నయ్యా ఇయ్యన్నీ," అంది అలివేలమ్మ. ఆ మాట పూర్తికాకుండానే, "సరే, మీరంతా ఇంతగా అడుగుతుంటే," అని కూడా అంది.

సాంబశివరావుకు ఏడుపొచ్చినంత పనైంది. మూడోసారి సర్పంచి కావాలన్న కోరిక పెరుగన్నంలో కలిసిపోయింది. దాన్ని కలిపింది తన ఇంటి మనిషే. కోపంతో నాలుగు ముద్దలు గబగబా మింగాడు.

చెయ్యి కడుక్కుని మెట్ల దగ్గరికి వచ్చేసరికి రెయిలింగు మళ్ళీ బయటికి వచ్చి ఉంది. జనమంతా దారిచ్చి నిలబడ్డారు. ఫోన్లు ఇంకా లేచే ఉన్నాయి. వెల్డింగు చూసే వంక ఇక పనికిరాదు. సాంబశివరావు పైకి చూశాడు. అలివేలమ్మ మెట్ల మీద నిలబడి చూస్తోంది. ఈసారి ఆ నవ్వు లేదు. కళ్ళలో నీళ్ళున్నాయి.

ఆయన రెండు చేతులతో పైపు పట్టుకున్నాడు. మొదటి మెట్టెక్కుతూ, "అబ్బా," అన్నాడు, అందరికీ వినపడేలా. రెండేళ్ళుగా దాచుకున్న అబ్బా అది. అనేసరికి ఎంత సుఖంగా ఉందో చెప్పలేం. చైతన్య గబుక్కున వచ్చి వెనక చెయ్యి ఆసరా ఇచ్చాడు. ఎవరూ నవ్వలేదు.

ఆయన వెనక చెన్నకేశవరావు పైపు పట్టుకున్నాడు. చెన్నకేశవరావు వెనక వాళ్ళ వర్గంలో ఒక పెద్దమనిషి, "నాకూ ఉందిలేరా," అని గొణుక్కుంటూ పట్టుకున్నాడు. ఆ తర్వాత ఎవరని చూస్తే, ఒక్క మెట్టు కూడా తగ్గొద్దన్న కోటయ్య. నడుం మీద ఒక చెయ్యి, పైపు మీద ఒక చెయ్యి. చూస్తుండగానే రెండు వర్గాల పెద్దలంతా ఆ పైపు వెంట వరస కట్టారు. మూలుగుల్లో ఏది ఏ వర్గానిదో ఎవరికీ తెలియలేదు.

పైకి చేరాక సాంబశివరావు రొప్పుతూ భార్య భుజం మీద చెయ్యి వేశాడు. "సరే సర్పంచిగారూ, మొదట ఏం పని చేస్తారు?" అన్నాడు, ఇంకా కాస్త ఉక్రోషంగానే.

"పంచాయతీ ఆఫీసు మెట్లకు రెయిలింగు పెట్టిస్తా," అంది అలివేలమ్మ. "మడిచేది కాదు."