నూతాకు తెరవని తలుపు

వెర్నా ఊళ్లో లాపాను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె ‘పునీతురాలి అక్క’. ఆమె చెల్లెలు నూతా ఊరి బయట కుష్ఠురోగుల పాకలో సేవ చేస్తూ పదహారేళ్లకే కన్నుమూసింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి సుస్తీ చేసిన పిల్లల్ని చంకనేసుకుని తల్లులు ఆమె సమాధి దగ్గరికి రావడం మొదలైంది. నూతాను పునీతురాలిగా ప్రకటించమని కోరుతూ, సాక్ష్యాలు రాసుకుని రోముకు చేర్చడానికి బిషప్పు ఒక చర్చి స్వామిని పంపాడు.

“నూతా ఇల్లు విడిచి ఆ పాకలో గడ్డి మీద ప్రాణం వదిలింది త్యాగబుద్ధితోనే కదమ్మా? ఊరంతా అదే చెప్పింది,” అన్నాడు స్వామి.

ఆ మాట మొదట ఎవరో అంటే లాపా కాదనలేదు. తర్వాత్తర్వాత తనే చెప్పుకుంటూ వచ్చింది. ఈసారి మాత్రం అలా చెప్పడానికి నోరు రాలేదు.

“త్యాగం కాదు స్వామీ. జ్వరంతో ఇంటికొస్తే నేను తలుపు తియ్యలేదు.”

పక్కింటి గిసోలా కంగారుపడింది. “మతి చలించింది స్వామీ, ఏదో వాగుతోంది.”

“నువ్వూరుకోవే. నా మతి బానే ఉంది,” అంది లాపా. “చంటాడు ఉయ్యాల్లో ఉన్నాడు. ఇదేం రోగం మోసుకొచ్చిందోనని భయం. మేకల కొట్టంలో పడుకుంటాలే అక్కా అంది. వాటికీ అంటిస్తావా, పో అన్నాను. కోప్పడలేదు. ‘బాబు బాగున్నాడా?’ అని అడిగింది. దానికీ బదులు చెప్పలేదు. మూడోనాడు పోయింది.”

“మరి బాబు?”

“ఆ చలికాలం దాటలేదు.”

స్వామి కలం పక్కన పెట్టాడు. “ఇది రాస్తే ఆమెకేం తక్కువ కాదమ్మా. నీ పేరే పోతుంది.”

“రాయండి.”

చెప్పేస్తే గుండె బరువు దిగుతుందనుకుంది. దిగలేదు. ఆ ఏడు నూతా పేరున ఊరు చేసే పండగకు ఆమెను ఎవరూ పిలవలేదు. పండగపూట లాపా బార్లీ గంజి కాచుకుని, కుండ ఎత్తుకుని కుష్ఠురోగుల పాకకు వెళ్లింది. గుమ్మం దగ్గరే కాళ్లు ఆగిపోయాయి. నూతాను ఎరిగినవాడు అక్కడ ఒక్క ముసలాయనే మిగిలాడు.

“మా చెల్లికి ఇక్కడికి రావాలంటే భయమేసేది కాదా, తాతా?” అని అడిగింది.

“ఎందుకెయ్యదమ్మా? రోజూ నువ్వు నిలబడ్డ చోటే కాసేపు నిలబడేది. ఆ తర్వాతే లోపలికొచ్చేది.”

చెల్లెలు బతికున్నప్పుడు లాపా ఆ సంగతి ఒక్కసారైనా అడగలేదు.