పుట్టుమచ్చ ఏ బుగ్గన?

పలక మీద హాస్యనటుడి పళ్ళవరస చెక్కుతున్న తిరకాసు మాస్టారు ఉన్నట్టుండి ఉలి ఆపాడు. వెనక అలమర తలుపు కిర్రుమంది.

తల తిప్పలేదు. తిప్పితే కనిపెడుతున్నాడని తెలిసిపోతుంది. బల్ల మీది స్టీలు గ్లాసులో అలమరా, దాని ముందు అక్క వీపూ వంకరటింకరగా కనిపించాయి. అక్క ఒక పలక తీసింది, తలుపు మూసింది, తాళం వేసి చెవి దాచుకుంది. ‘దాచుకో, దాచుకో, ఎన్నాళ్ళు దాస్తావో చూస్తా’ అనుకుని మళ్ళీ పళ్ళ మీద పడ్డాడు.

అభిమానుల గోడలకి దేవుళ్ళని సరఫరా చేయడం ఆయన వృత్తి. సినిమా హీరోలు, పాప్ గాయకులు, మల్లయోధులు, ఎవరి కాలం నడుస్తుంటే వాళ్ళ ముఖాలు. రబ్బరులాంటి మెత్తటి పలక మీద తెల్లగా ఉండాల్సినదంతా చెక్కేసి, నల్లగా ఉండాల్సినది మిగిల్చేవాడు. మిగిలినదానికి రోలరుతో సిరా పూసి, పైన కాగితం పరిచి రుద్దితే ముఖం కాగితానికెక్కుతుంది. అచ్చులో సరిగ్గా రావాలంటే పలక మీద అంతా ఎడమ కుడీ, కుడి ఎడమా చేసి చెక్కాలి. పేర్లు కూడా తిరగేసి రాస్తాడు కనక వీధివాళ్ళు ఆయనకి తిరకాసు మాస్టారని పేరు పెట్టారు. కోప్పడిన కొద్దీ ఆ పేరు మరింత అతుక్కుపోతుందని ఆయనే ఊరుకున్నాడు.

పేరుకి తగ్గట్టు మనిషిలోనూ తిరకాసు ఉంది. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారో తేలేదాకా ఆయనకి అన్నం సయించదు. ఫ్రేముల షాపతను నమస్కారం పెడితే వీడికేం కావాల్సొచ్చిందా అని ఆరా తీస్తాడు. ఒక్క అక్క మీద మాత్రం ఇన్నాళ్ళూ అనుమానం రాలేదు. బావ పోయాక ‘నాలుగు రోజులుండి పోతానురా’ అంటూ వచ్చింది ఆవిడ. అదే ఏడాది మాస్టారి భుజం పట్టేసి, రుద్దడం చేతకాకుండా పోయింది. అక్క ఆ పని అందుకుంది. కాగితం మీద ఒళ్ళంతా ఆనించి, దుస్తులకి ఇస్త్రీ చేస్తున్నంత ఓపిగ్గా రుద్దేది. ఆ నాలుగు రోజులూ ఏళ్ళయ్యాయి. మాస్టారు కిటికీ వైపు తిరిగి చెక్కుతాడు, అక్క ఆయన వెనక అచ్చు తీసి తీగ మీద ఆరేస్తుంది, ఆరినవి ఆవిడే చుట్టి ఫ్రేముల షాపుకి పంపుతుంది. అచ్చయిన కాగితాన్ని మాస్టారు చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు.

కిందటివారం బస్టాండు పక్క పేవ్‌మెంటు మీద, ఫోను కవర్ల మధ్య, ఆయనకి తను చెక్కిన పాటగత్తె కనిపించింది. ఊళ్ళో కుర్రకారుకి ఇప్పుడు ఆ అమ్మాయే ప్రాణం. నుదుటి మీద పడే జుట్టు, ఓరగా తిప్పిన ముఖం, కుడి బుగ్గన పుట్టుమచ్చ. కాగితం నాసిరకం, సిరా మట్టిరంగు. బొమ్మ మాత్రం తన పలకే! ఆ జుట్టు పాయలో ప్రతి గీతా తనకి కంఠతా. అమ్మేవాణ్ణి నిలదీస్తే “ఎవరో ఇచ్చిపోతారండీ, మనకెందుకు?” అన్నాడు.

పలక అలమరలో ఉంటుంది. తాళంచెవి అక్క దగ్గరుంటుంది. ఇంక వేరే లెక్కేముంది? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈశ్వరుడికి తనంత తీరిక లేదు కదా అనుకున్నాడు మాస్టారు. సిరా డబ్బా మీద పెన్సిలుతో గుర్తు పెట్టాడు. అలమర తలుపు సందులో తలవెంట్రుక అంటించాడు. మర్నాటికి వెంట్రుక ఊడింది! రోజూ పనికోసం తెరిచే తలుపుకి వెంట్రుక నిలవదన్న సంగతి ఆయనకి తట్టలేదు. అక్క కూనిరాగం తీస్తే ధీమా అనుకున్నాడు, మానేస్తే భయం అనుకున్నాడు. ఆవిడ కూతురు ఫోను చేసినప్పుడు వరండాలోకి వెళ్ళి మాట్లాడితే, ఇదేదో పెద్ద ముఠాయే అని తేల్చేశాడు.

ఇవాళ పొద్దున్నే ఆ పేవ్‌మెంటు బొమ్మ కొనుక్కొచ్చి చొక్కా లోపల దాచాడు. అన్నం తిన్నాక, అక్క చేతులు తుడుచుకుంటుండగా, దాన్ని బల్ల మీద పరిచాడు. పరిచి, ఆవిడ ముఖంలోకి కళ్ళార్పకుండా చూశాడు.

అక్క బొమ్మని చూసింది. పెదవి చివర చిన్నగా కదిలింది. తర్వాత తమ్ముడి వైపు చూసింది.

“ఎలా ఉంది?” అన్నాడు.

“బాగానే ఉంది.”

“అంతేనా? ఇంకేం చెప్పేది లేదా?”

“నువ్వు చూశావుగా. నీకేమనిపించింది?”

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడని విన్నాడు గానీ, ఎదురు ప్రశ్న వేస్తాడని వినలేదు. మాస్టారికి ఒళ్ళు మండింది.

“తాళం నీ చేతిలోనే ఉంటుంది కదక్కా. పలకకి కాళ్ళొచ్చాయా, బజారుకి నడిచిపోవడానికి?”

అక్క బొమ్మని కాస్త ఆయన వైపు జరిపింది, బాగా కనపడేట్టు. ఆయన ఆ బొమ్మ వైపు చూడనే లేదు. ఆవిడ వేళ్ళు వణుకుతాయేమోనని ఆ వేళ్ళనే చూస్తున్నాడు.

“సరేలే” అని లేచింది అక్క.

మధ్యాహ్నమంతా ఆవిడ పని చేస్తూనే ఉంది. వెనకనుంచి కాగితం మీద రుద్దుతున్న చప్పుడు ఆగి ఆగి వినిపించింది. పొద్దు వాలేవేళకి రోలరు కడిగి బోర్లించింది. గుడ్డసంచీతో గుమ్మం దగ్గర నిలబడింది.

“అమ్మాయి ఎప్పట్నుంచో రమ్మంటోంది. వెళ్తాను. తాళంచెవి బల్ల మీద పెట్టాను.”

“వెళ్ళు” అన్నాడు మాస్టారు, తల తిప్పకుండా. దొరికిపోయినవాళ్ళు పోక ఉంటారా అనుకున్నాడు. అనుకున్నాడే గానీ గెలిచినట్టు అనిపించలేదు.

చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగాక ఆయన లేచాడు. ఫ్రేముల షాపతనికి రుజువుతో సహా చూపిద్దామని బజారు బొమ్మ చేత్తో పట్టుకుని తీగ దగ్గరికి వెళ్ళాడు. అక్క ఇవాళ తీసింది ఆ పాటగత్తె అచ్చులే. తీగ నిండా ఆరుతున్నాయి. బొమ్మని ఒకదాని పక్కన పెట్టాడు.

తీగ మీది పాటగత్తెలందరూ కిటికీ వైపు చూస్తున్నారు. చేతిలోది గోడ వైపు చూస్తోంది.

పుట్టుమచ్చ చూశాడు. తీగ మీద ఎడమ బుగ్గన, చేతిలో కుడి బుగ్గన. స్టూలు మీద కూలబడ్డాడు. తన పలక మీద మచ్చ కుడి బుగ్గన ఉంది, దానితో అచ్చు తీస్తే ఎడమ బుగ్గనే పడుతుంది. ఇది పలక నుంచి వచ్చింది కాదు. ఎవడో చేతకానివాడు షాపులో అచ్చు కొని, తిరగేయాలని తెలియక ఉన్నదున్నట్టు చెక్కుకుంటే ఇలా తిరగబడింది. పని నేర్చుకునేవాడు మొదటిరోజు చేసే తప్పు. దాన్ని తను పట్టుకోలేకపోయాడు. పలక మీది ముఖాన్నే చూసీ చూసీ, తన కళ్ళకి తిరగబడ్డదే అసలు ముఖమైంది.

అక్కకి ఫోను చేశాడు. వెనక బస్సు హారను వినిపించింది.

“అక్కా, తప్పు నాదే. అది మన పలక కాదు.”

“తెలుసురా. చూడగానే తెలిసింది.”

“మరి అప్పుడే చెప్పొచ్చుగా!”

“చెప్తే నమ్మేవాడివా? సాయంత్రం దాకా ఆగాను, చూస్తావేమోనని. నువ్వు నా ముఖమే చూస్తూ కూర్చున్నావు.”

మాస్టారు చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. “తర్వాతి స్టాపులో దిగు. నేనొస్తాను. నీకు దణ్ణం పెడతాను.”

“కోపం లేదురా తమ్ముడూ. కానీ ఇంక అక్కడ నాకు చెయ్యాడదు. భుజానికి వేడినీళ్ళ కాపడం మానకు” అంది అక్క. తర్వాత బస్సు రొదలో ఏమీ వినిపించలేదు.

చీకటి పడుతుంటే లేచి లైటు వేశాడు. తలుపు వెనక మేకుకి బావ పాత చొక్కా వేలాడుతోంది, సిరా అంటకుండా అక్క పైన తొడుక్కునేది. ముందంతా నల్లటి మరకలు, జేబు చిరిగి మళ్ళీ కుట్టి ఉంది, రెండు చేతులూ మోచేతుల దాకా మడిచినవి మడిచినట్టే ఉన్నాయి.