అరవై ఒకటో ఫ్రేము

విమలకుమారి గాలాన్ని బల్ల మీది వైస్ పట్టకారులో బిగించి, కోడి మెడ ఈకను దాని చుట్టూ మూడు చుట్లు తిప్పి, దారం ముడివేసి తెంపింది. పొద్దుటి నుంచి ఇది నలభయ్యో ఈగ. ఆడమ్స్ అనే బూడిదరంగు రకం. ట్రాయ్‌కి ఉత్తరాన, పెయింట్ క్రీక్ అనే వాగు ఒడ్డున ఉన్న హెరాల్డ్ గారి కొట్లో పదకొండేళ్లుగా ఆమె పని ఇదే. ఈకలూ దారంతో, చేపల్ని బుట్టలో వేసుకునే దొంగ ఈగల్ని గాలాలకి ఎరగా కట్టడం. ఇవాళ ఆఖరు రోజు. సాయంత్రం కూతురు వచ్చి ప్లెయిన్స్‌బరోలో తన ఇంటికి తీసుకుపోతుంది.

ఎదుటి గోడ మీద అరవై ఫ్రేములు. ఒక్కోదాంట్లో ఒక పేరున్న ఈగ, కింద చీటీ. ఆడమ్స్ చీటీ మీద 1922 అని ఉంది. కట్టిన మనిషి హాలడే. పేరు మాత్రం దాన్ని మొదట వేసి చేప పట్టిన స్నేహితుడిది. హెరాల్డ్ కూడా ఆ ఆచారాన్నే పట్టుకు వేలాడేవాడు.

నర్సాపురంలో ఆమె తల్లి రాహేలమ్మ చూపు మందగించేదాకా లేసు అల్లింది. ఆ లేసు షావుకారు పేరుతో సముద్రాలు దాటింది. రాహేలమ్మ పేరు ఎక్కడా లేదు. ఆ సంగతి విమలకుమారిని ఇన్నేళ్లూ ముల్లులా గుచ్చుతూనే ఉంది. అందుకే రెండేళ్లు తంటాలుపడి, తల్లి లేసు సూదితో ఈకల కింద సన్నటి వల అల్లి, నీళ్ల మీద తేలే కొత్త ఈగ ఒకటి కట్టింది. మధ్యాహ్నం దాన్ని హెరాల్డ్ ముందు పెట్టింది.

ముసలాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "చాలా బావుంది విమలా! శనివారం ఎవరైనా వేసి చూస్తారు. పట్టినవాళ్ల పేరు పెడదాం."

"అయితే నేనే పడతానండి."

పక్క బల్ల దగ్గర లూసీ గతుక్కుమంది. ఇద్దరిదీ ఒకే తెలుగు చర్చి. "అక్కా, నీకు ఫిషింగ్ ఎక్కడొచ్చు? స్లిప్ అయి పడతావ్!"

"పడితే లేస్తాలే. ఆ రాడ్ ఇటియ్యి."

స్వెట్టరు మీదుగా కొంగు బిగించి, బయటికొచ్చి వాగు అంచున నిలబడింది. మొదటి విసురు పొదకు తగులుకుంది. రెండోది ఆమె జడకే. హెరాల్డ్ పడీపడీ నవ్వాడు. గంట గడిచేసరికి భుజం లాగేస్తోంది, పట్టుదల మాత్రం సడలలేదు. చివరికి ఈగ ఒక రాయి పక్కన మెత్తగా వాలింది. నీళ్లు భళ్లున చీలాయి.

"పడింది! లూసీ, పడిందే!"

జానెడుకు పైబడిన మచ్చల ట్రౌట్ చేప. లూసీ పులుసు పెట్టేద్దామనేలోపే దాన్ని నీళ్లలోకి వదిలేసింది. సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

హెరాల్డ్ మాట తప్పే మనిషి కాదు. టైపు మిషను ముందు కూర్చుని, "విమల అని కొట్టనా?" అన్నాడు.

"కాదండీ. పట్టింది నేను, పేరు నా ఇష్టం. రాహేలమ్మ అని కొట్టండి." ఒక్కో అక్షరం చెప్పింది. ఆయన కొట్టాడు. కింద తనే మరో వరుస చేర్చాడు: కట్టినదీ, పట్టినదీ విమలకుమారి, 1984 మే.

సాయంత్రం కారు హారన్ మోగింది. లూసీని హత్తుకుని, ఇద్దరికీ వందనాలు చెప్పి, తల ఎత్తుకుని వెళ్లి కారెక్కింది. గోడ మీద అరవై ఒకటో ఫ్రేములో, చేప కొరికిన ఆ ఈగ ఇంకా తడిగానే ఉంది.