ఎర్రదారం

గంట గట్టిగా బిగించానా లేదా, బిగించే ఉంటాను, పొద్దున రెండుసార్లు చూసుకున్నాను, టేపు చివరనున్న ఈ ఇత్తడి గంట నీళ్లకు తగలగానే టపుక్కుమంటుంది, దాని కోసమే బోరు గొట్టానికి చెవి ఆనించి మోకాళ్ల మీద కూర్చున్నాను, వెనక పన్నెండు ఇళ్లవాళ్లూ ఊపిరి బిగబట్టారు, పక్క తోట డడ్లీ తప్ప, వాడికి నోరు మూతపడదు, ఏంటి రోస్లిన్, పాతాళంలో మీ మామగారితో మాట్లాడుతున్నావా అంటాడు, అవును, నిన్నే తిడుతున్నాడు అన్నాను, అందరూ నవ్వారు, నేను టేపు ఇంకాస్త కిందికి వదిలాను, టేపుకి పోయిన వేసవి నీళ్లు తగిలినచోట కట్టిన ఎర్రదారం ఇంకా పైనే ఉంది, అది గొట్టంలోకి దిగాక చప్పుడొస్తే నీళ్లు ఇంకా లోతుకు పోయినట్టు, నేను ఓడినట్టే, రేపే అందరూ పంపులు వేస్తారు, తోడేకొద్దీ అడుగున వచ్చే ఉప్పునీళ్లు తాగి తాగి మామయ్య నాటిన ద్రాక్ష ఆకులంచులు మాడి చస్తుంది, సగం పంపులు ఆపుదామని ఇంటింటికీ తిరిగింది నేనే కదా, ముందు నీళ్లు బాగా తాగే నా లూసర్న్ మేతగడ్డే దున్నేశాను, నీ పొలం బట్టతలయిందే అన్నాడు డడ్లీ, నీ నెత్తికన్నా నయమేలే అన్నాను, కానీ ఏటా కొత్తగా కట్టే దారం రెండు వేసవులూ లోపలికే పోయింది, ఇంకొక్క ఏడు ఆగండి అని బతిమాలాను, ఆ ఏడు ఇదే.

ఇంకా దిగుతోంది, చప్పుడు లేదు, మాకు చలికాలం జూలైలో, అప్పుడు బ్రెమర్ నది పొంగి ద్రాక్షతోటల్లోకి వచ్చేది, మోకాలిలోతు నీళ్లలో రబ్బరు బూట్లతో మామయ్య, మన తీగలు తాగాయమ్మా, గట్టు తలుపెత్తు, డడ్లీ వాళ్లు నీళ్ల కోసం ఎదురుచూస్తుంటారు అనేవాడు, వరదని ఒక్క పూట ఎక్కువ ఆపుకున్నవాడి పక్కన చర్చిలో ఎవరూ కూర్చునేవారు కాదు, అంత మర్యాదస్థులం, క్రిస్మస్‌కి మా వేసవి ఎండలు రాగానే మాత్రం ఎవరి స్విచ్చు వాళ్లు వేసుకుని కింద ఉన్నదంతా తోడేసుకునేవాళ్లం, నేనూ తోడాను, నా నేల కింద ఉంటే నాదే అనుకున్నాను,

టపుక్!

దారం ఇంకా నా వేళ్లలోనే ఉంది, గొట్టం మూతికి మూరెడు పైన, నీళ్లు పైకొచ్చాయి, తల్లీ, పైకొచ్చాయి, గెలిచాం, ఇటివ్వు, నీ చెవులు నమ్మను అంటూ డడ్లీ టేపు లాక్కుని తనే వదిలాడు, మళ్లీ టపుక్, టోపీ గాల్లోకి ఎగరేశాడు, బట్టతల ఎండలో మెరిసింది, నా పంపు ఇంకో ఏడు పడుకోనీ అన్నాడు, నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, తలుపెత్తు అని మామయ్య అన్నది పైనీళ్ల సంగతే అనుకున్నాను ఇన్నాళ్లూ, కిందా పారేది అదే వరద, మేం ఆపిన ప్రతి పంపూ పక్కవాడి కోసం ఎత్తిన తలుపే.