పిన్ని పిలిచింది

క్రిస్మస్ పొద్దున లియోకాదియా ఒకదానిమీద ఒకటి నాలుగు పావడాలు కట్టుకుని నడుం పట్టీ బిగిస్తోంది. వాళ్ళింట్లో దిగిన మరైకె వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

"పండక్కేనా ఈ ముస్తాబంతా?"

"కొట్లాటకి," అంది లియోకాదియా మామూలుగా. "మా చెల్లెలితో."

మరైకె మొహం పాలిపోయింది. ఈ చుంబివిల్కాస్ కొండల్లో ఉన్నంత మంచివాళ్ళు ఎక్కడా లేరని, హాలెండ్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అంటున్న మనిషి ఆమె.

"సొంత అక్కచెల్లెళ్ళు ఊరందరి ముందూ కొట్టుకుంటారా? ఇలాంటి చోటికి నా స్నేహితుల్ని ఎలా రమ్మనను?"

డబ్బిచ్చి ఆ ఇంట్లో దిగిన మొదటి అతిథి మరైకె. ఆమె కోసమే గదికి కొత్తగా సున్నం వేశారు. లియోకాదియా లోపలికి వెళ్ళి పై పావడాలు విప్పేసి వచ్చింది.

పొయ్యి దగ్గర కూర్చున్న కూతురు నైదా అది చూసి పుల్లలు ఎగదొయ్యడం మానేసింది. మే నెలలో ఎవారిస్తా పిన్ని గొర్రెలు వీళ్ళ బార్లీ చేలో పడ్డాయి. మాటా మాటా పెరిగి చనిపోయిన అమ్మమ్మని కూడా అందులోకి లాగారు. అప్పటినుంచి రెండిళ్ళకీ మాటల్లేవు. పిన్ని కూతురు రుబెలియా బడిలో వేరే బల్లకి మారిపోయింది. నోరు విప్పడానికే సిగ్గుపడే నైదాకి ఉన్న స్నేహితురాలు ఆ పిల్ల ఒక్కతే. ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం క్రిస్మస్ నాడు బరిలో పేరు పెట్టి పిలుచుకుని, నాలుగు దెబ్బలు వేసుకుని, కౌగిలించుకుంటే తగువు అక్కడితో సరి. నైదా ఈ రోజు కోసమే ఎదురుచూస్తోంది. ఇప్పుడు దాటిపోతే మళ్ళీ ఏడాది.

బరి చుట్టూ జనం మూగారు. రాత్రి వానకి నేల చిత్తడిగా ఉంది. పిన్ని మధ్యలోకి వచ్చి పిలిచింది.

"లియోకాదియా!"

లియోకాదియా మరైకె పక్కన కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది.

"లేమ్మా," అంది నైదా గొణుగుతూ.

"ఊరుకో. ఆవిడ మనల్ని ఏమనుకుంటుంది?"

పిన్ని మళ్ళీ పిలిచింది. "ఏం లియోకాదియా, కాళ్ళకి వేళ్ళు మొలిచాయా?" అని ఎవరో వెక్కిరించారు. పిన్ని మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. పిలిచినా లేవలేదంటే, నాతో తగువు పడే పాటి మనిషివి కూడా కాదు నువ్వు అని చెల్లెలితో అన్నట్టే. ఆమె తల దించుకుని వెనక్కి తిరిగింది.

అప్పుడు నైదా లేచింది. తిన్నగా బరిలోకి నడిచింది. జనం నవ్వారు. కొట్లాట హద్దు దాటకుండా కొరడా పట్టుకుని కాపలా ఉన్న పెద్దాయన కూడా నవ్వాడు.

"నీకెవరితో తగువే, పిచ్చుకా?"

"రుబెలియాతో, తాతా. నాతో మాట్లాడటం మానేసింది."

గుంపులోంచి రుబెలియా దూసుకొచ్చింది. "మానేసింది నువ్వు!" అంటూ మొదటి దెబ్బ చెవిమీద వేసింది. నైదా కళ్ళు మూసుకుని గుద్దితే అది భుజానికి తగిలింది. రెండో దెబ్బ పడేలోపే లియోకాదియా బరిలోకి వచ్చి ఇద్దర్నీ చెరో పక్కకీ లాగేసింది.

"మీరు తప్పుకోండే. ఎవారిస్తా, ఇటు తిరుగు."

అక్కచెల్లెళ్ళు కలబడ్డారు. పావడాలు బురదయ్యాయి. లియోకాదియా పెదవి చిట్లింది. పెద్దాయన కొరడా అడ్డం పెట్టేసరికి ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. పిన్ని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"లేవవేమో అనుకున్నానక్కా."

మరైకె మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంది. కానీ లేచి వెళ్ళిపోలేదు.

సాయంత్రం ఆమే తడిగుడ్డ తెచ్చి లియోకాదియా పెదవికి అద్దింది. "నాకు నచ్చలేదు. నచ్చిందని అబద్ధం చెప్పలేను," అంది.

"చెప్పకండి. కొట్టుకున్నామనే మీవాళ్ళకి చెప్పండి. తర్వాత ఇదిగో, ఇలా కూర్చున్నామని కూడా చెప్పండి."

వెనక కూర్చుని అక్క జుట్టులో బురద దువ్వుతున్న పిన్ని అందుకుంది. "ముందు పడింది అక్కేనని కూడా చెప్పండి."

"నేనెక్కడ పడ్డానే? జారాను."

మరైకెకి నవ్వు ఆగలేదు. మీ స్నేహితుల్ని పంపిస్తారా అని లియోకాదియా అడుగుతోంది. ఆమె ఏం జవాబిచ్చిందో నైదా వినలేదు. గుమ్మంలో రుబెలియా నిలబడి ఉంది.

"ఏయ్, చెవి వాచిందా? ఇటు రా, చూడనీ."